కానెమరాలో ఇల్లెవరికి దొరుకుతుంది?

2025 జులైలో డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుడి మీద దాడి జరిగింది. ఆగస్టు 1న అక్కడి మన రాయబార కార్యాలయం, నిర్మానుష్యమైన చోట్లకు వేళకాని వేళల్లో వెళ్ళవద్దని భారతీయులకు సలహా ఇచ్చింది. ఆ నెలలో జరగాల్సిన ఇండియా డే వేడుక వాయిదా పడింది. ఆ గొడవల చుట్టూ వినబడిన నినాదం కొత్తదేమీ కాదు, మూడేళ్ళుగా ఊరేగింపుల్లో మోగుతున్నదే: ‘ఐర్లండ్ నిండిపోయింది’. దాని వెనకాల కాస్త పొడుగాటి వాదన ఒకటుంది. సార్వభౌమత్వం బ్రసెల్స్ (అంటే యూరోపియన్ యూనియన్) పాలైంది, ఐరిష్‌తనం వలసవాళ్ళ కింద నలిగిపోతోంది, ఈ రెండిటినీ వెనక్కి తెచ్చుకోవాలి అని.

ఈ మాట అనేవాళ్ళందరూ చెయ్యి చేసుకునేవాళ్ళు కారు. ఏడొందల ఏళ్ళకు పైగా పరాయి పాలన చూసిన జాతికి ఆ భయం ఉండటంలో వింత లేదు. కాబట్టి తోసిపారెయ్యకుండా లెక్క చూడటమే మర్యాద. ఐరిష్ రాజ్యం వదులుకున్న అధికారాలు ఒక కాయితం మీద రాసి, ఐరిష్‌తనం చిక్కిపోయిన చోట్లు ఇంకో కాయితం మీద రాసి పక్కపక్కన పెట్టండి. ఆ రెండు జాబితాలూ ఎక్కడోగాని కలవవు. ఐరిష్ భాష చిక్కిపోయింది బడి, భూమి, ఇంటి అనుమతి లాంటి విషయాల్లో. అవన్నీ బ్రిటన్ నుంచి విడివడిన 1922 నుంచీ డబ్లిన్ చేతిలోనే ఉన్నాయి. నా వాదన అంతా ఇదే. దీనికి అడ్డొచ్చే సంగతులూ ఉన్నాయి, వాటి దగ్గరకూ వస్తాను.

నాణెం మీద గుర్రం, వడ్డీ రేటు లండన్‌ది

1928లో స్వతంత్ర రాజ్యం సొంత నాణేలు తెచ్చింది. కవి యేట్స్ అధ్యక్షతన కమిటీ వేసి, రాజుగారి తల తీసేసి గుర్రం, ఎద్దు, సాల్మన్ చేప, పంది, పిల్లలకోడి బొమ్మలు వేయించారు. చాలా అందమైన నాణేలు. గీసింది మాత్రం పెర్సీ మెట్‌కాఫ్ అనే ఇంగ్లిష్ శిల్పి. అదేమంత పెద్ద విషయం కాదు. ఆ పౌండును బ్రిటిష్ పౌండుకి ఒకటికి ఒకటి చొప్పున కట్టేశారే, అదీ పెద్ద విషయం. 1967 నవంబరులో లండన్ తన పౌండును 2.80 డాలర్ల నుంచి 2.40కి దించేసరికి ఐరిష్ పౌండూ దానితోపాటే దిగింది. ఆ నిర్ణయంలో డబ్లిన్‌కి ఓటు లేదు. 1979 మార్చిలో, యూరోపియన్ మానిటరీ సిస్టమ్‌లో చేరాక, ఆ ముడి తెగింది. అంటే జెండా, రాజ్యాంగం, సైన్యం, ఐక్యరాజ్యసమితిలో కుర్చీ అన్నీ ఉన్న దేశం యాభయ్యేడేళ్ళు వడ్డీ రేటుకి లండన్ వైపు చూసింది. దాన్నుంచి బయటపడింది యూరప్‌లో చేరడం వల్ల.

వలసలు లేని, చర్చి నీడలో ఉన్న, దిగుమతుల మీద గోడలు కట్టుకున్న ఐర్లండ్ ఎలా ఉండేదో కూడా ఒకసారి చూడాలి. 1950లలో దాదాపు 4 లక్షలమంది దేశం విడిచిపోయారు. 1961లో జనాభా 28 లక్షలకు దిగింది, జనగణన లెక్కల్లో అంతకు ముందూ ఆ తర్వాతా అంత తక్కువ లేదు. 2022 జనగణనలో అది 51 లక్షలు దాటింది. 50 లక్షలు దాటడం 1851 తర్వాత అదే మొదటిసారి. నిండిపోయింది అనేవాళ్ళు ఈ అంకెలు చూసే అంటున్నారో లేదో తెలియదుగాని, 1840ల మహా కరువుకు ముందు 1841లో, ఇప్పటి ఐర్లండ్ రాజ్యంలో ఉన్న ఇదే 26 కౌంటీల్లో 65 లక్షలమంది ఉండేవారు.

ఒక్క మనిషి ఆపిన ఒప్పందం

బ్రసెల్స్‌కి అధికారం చాటుమాటుగా జారిపోతుందనే మాట ఐర్లండ్ విషయంలో అసలు నిలవదు. 1986లో సింగిల్ యూరోపియన్ యాక్ట్ అనే యూరప్ కూటమి ఒప్పందానికి పార్లమెంటు ఒప్పుకుంది. రేమండ్ క్రొటీ అనే ఆయన, ఒకప్పటి రైతు, తర్వాత ఆర్థికవేత్త, కోర్టుకెక్కాడు. సరిగ్గా క్రిస్మస్ ముందురోజు హైకోర్టు స్టే ఇచ్చింది. పన్నెండు దేశాలు సంతకం పెట్టిన ఒప్పందం ఒక్క పౌరుడి కేసుతో ఆగింది. 1987 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 3–2తో చెప్పింది: విదేశాంగ విధానంలో స్వేచ్ఛను ముందే తాకట్టు పెట్టే అధికారం ప్రభుత్వానికి లేదు, అది ప్రజలను అడగాలి. మే నెలలో రెఫరెండం పెట్టారు, దాదాపు 70 శాతం సరేనన్నారు, జులై 1న ఒప్పందం అమల్లోకి వచ్చింది. అప్పట్నుంచీ యూరప్ పెద్ద ఒప్పందం వచ్చినప్పుడల్లా ఐరిష్ ఓటరు దగ్గరకు రావలసిందే. ఇంత గట్టి తాళం యూరప్‌లో చాలా దేశాలకు లేదు.

అయితే, వద్దన్న ఓటుకు ఏమైంది? 2001లో నీస్ ఒప్పందాన్ని, 2008లో లిస్బన్ ఒప్పందాన్ని ఓడిస్తే, ఏడాదో ఏడాదిన్నరో ఆగి రెండూ మళ్ళీ అడిగారు. జవాబు నచ్చలేదు కాబట్టి ప్రశ్న మళ్ళీ వేశారనే ఆరోపణ ఉత్తది కాదు. దానికి ఎదురు చెప్పేదీ ఉంది. నీస్ మొదటిసారి ఓటేసింది 35 శాతం మంది, రెండోసారి 49 శాతం. మధ్యలో తటస్థత మీద ప్రకటన సంపాదించారు. లిస్బన్‌కి రెండోసారి వెళ్ళేలోగా యూరప్ కార్యనిర్వాహక మండలి అయిన యూరోపియన్ కమిషన్‌లో ప్రతి దేశానికీ ఒక కమిషనర్ ఉండేలా హామీ రాబట్టారు, పన్నుల మీదా తటస్థత మీదా గర్భస్రావ చట్టం మీదా యూరప్ చెయ్యి పెట్టదని రాయించుకున్నారు. వద్దనడాన్ని బేరానికి వాడుకున్నారు. ఓటమిని గౌరవించారని మాత్రం నేననను.

2008 సెప్టెంబరు 29 రాత్రి

సార్వభౌమత్వం నిజంగా పోయిన ఘట్టం ఒకటుంది. 2010 నవంబరు 18న ఐఎంఎఫ్ బృందం డబ్లిన్‌లో దిగింది. 1916లో స్వాతంత్ర్యం కోసం తిరగబడి చనిపోయినవాళ్ళు ఇందుకేనా చనిపోయింది అని ఒక పత్రిక సంపాదకీయం రాసింది. మర్నాడు యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ అధ్యక్షుడు త్రిషే ఆర్థికమంత్రి బ్రయన్ లెనిహన్‌కి ఉత్తరం పంపాడు: సాయం అడుగుతున్నామని రాతపూర్వకంగా ఇస్తేనే మీ బ్యాంకులకు అత్యవసర నిధులు నడుస్తాయని దాని సారం. మొత్తం ప్యాకేజీ 8,500 కోట్ల యూరోలు. అందులో 1,750 కోట్లు ఐర్లండ్ సొంత సొమ్మే, చాలావరకు పెన్షన్ల కోసం దాచుకున్న నిధి. మిగిలినదాంట్లో బ్రిటన్ నేరుగా ఇచ్చిన అప్పు కూడా ఉంది. ఆ మూడేళ్ళు బడ్జెట్ అంకెలు బయటివాళ్ళు చూశాకే పార్లమెంటుకి వచ్చేవి.

యూరప్ విమర్శకులు ఇక్కడితో ఆగిపోతారు. రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 2008 సెప్టెంబరు 29 రాత్రి తెల్లవారేలోగా ఐరిష్ ప్రభుత్వం ఆరు బ్యాంకుల అప్పులకు, డిపాజిట్లకు, దాదాపు 44,000 కోట్ల యూరోలకు, పూచీ పడింది. బ్రసెల్స్‌ని అడగలేదు, లండన్‌ని అడగలేదు. వాళ్ళిద్దరికీ కోపం కూడా వచ్చింది. ఐరిష్ రాజ్యం ఎవరి మాటా వినకుండా తీసుకున్న నిర్ణయాల్లో అంతకన్నా పెద్దది వెతికినా దొరకదు. చివరికి బ్యాంకుల్ని నిలబెట్టడానికి 6,400 కోట్లు పోశారు, ఆ బరువుకే 2010లో మోకాళ్ళు వంగాయి. త్రిషే ఉత్తరం దౌర్జన్యమే. అయితే ఆ ఉత్తరానికి చోటిచ్చిన గుంట డబ్లిన్ తవ్వుకున్నది.

ఆపిల్ కేసు దీనికి తోబుట్టువు. ఐర్లండ్ ఆ కంపెనీకి ఇచ్చిన పన్ను రాయితీ చెల్లదని, 1,300 కోట్ల యూరోలు వసూలు చేసుకోవలసిందేనని 2016 ఆగస్టు 30న కమిషన్ తేల్చింది. ఆ డబ్బు మాకొద్దని ఐరిష్ ప్రభుత్వమే అప్పీలుకెళ్ళింది. పన్ను వెయ్యడం సార్వభౌమ హక్కు అన్నది దాని వాదన. 2020లో కింది కోర్టులో గెలిచి, 2024 సెప్టెంబరు 10న పై కోర్టులో ఓడింది. ఓడినందుకు వడ్డీతో కలిపి 1,400 కోట్లు ఖజానాలో పడ్డాయి. ఈ కేసును గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది. ఈలోగా ఇంకో సంగతి: ఐర్లండ్ కార్పొరేట్ పన్ను రాబడిలో సగానికి పైగా పది కంపెనీల నుంచే వస్తోంది. వాటి నిర్ణయాలు చాలావరకు అమెరికా బోర్డు గదుల్లో జరుగుతాయి. ‘ఐర్లండ్ నిండిపోయింది’ అంటూ లాంతరు స్తంభాలకు జెండాలు కట్టేవాళ్ళు ఆ పది కంపెనీల గురించి మాట్లాడటం అరుదు.

సముద్రం మీదా, బెల్‌ఫాస్ట్ బస్సులోనూ

2022 జనవరిలో రష్యా తన నౌకాదళ విన్యాసాలు కార్క్ తీరానికి దాదాపు 240 కిలోమీటర్ల దూరంలో, ఐర్లండ్ ఆర్థిక మండలిలోనే చేస్తానని ప్రకటించింది. చట్టప్రకారం ఆపలేరు. ఐర్లండ్‌కి యుద్ధవిమానాలు లేవు, ఉన్న ఓడల్లో కొన్నిటికి సిబ్బంది లేక అవి రేవు కదలవు. నైరుతి తీరపు జాలరులు మాత్రం మేం వేటకి పోతున్నాం, అది మా సాగు అని చెప్పి రష్యా రాయబారిని కలిశారు. జనవరి 29న విన్యాసాల్ని మండలి బయటకి జరిపారు. దీన్ని జాలరుల విజయంగా అందరూ నవ్వుతూ చెప్పుకున్నారు. రాజ్యం చెయ్యలేని పని పడవలవాళ్ళు చెయ్యవలసి రావడం నవ్వుకోవలసిన విషయమా అన్నది నా అనుమానం. తటస్థత అంటే ఏ కూటమిలోనూ చేరకపోవడం ఒకటీ, సొంత నీళ్ళను సొంతంగా చూసుకోవడం ఒకటీ. రెండో సగానికి డబ్బు పెట్టవద్దని బ్రసెల్స్ ఎన్నడూ అనలేదు.

సరిహద్దు సంగతీ అంతే. బ్రిటన్‌తో ఉమ్మడి ప్రయాణ ఒప్పందం కోసం ఐర్లండ్ షెన్‌గెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) బయట ఉండిపోయింది. మనవాళ్ళకి ఇది బాగా తగిలే చోటు. డబ్లిన్‌లో స్టాంప్ 1 (ఉద్యోగం చేసుకునే నివాస అనుమతి) మీద ఉద్యోగం చేసే తెలుగువాడి ఐరిష్ వీసాతో పారిస్ వెళ్ళడానికి లేదు. జెయింట్స్ కాజ్‌వే చూద్దామని డబ్లిన్‌లో టూరు బస్సెక్కితే, అది ఏ తనిఖీ లేకుండా ఉత్తర ఐర్లండ్‌లోని ఆంట్రిమ్ చేరుతుంది, అది బ్రిటన్ గడ్డ, దానికి వేరే బ్రిటిష్ వీసా ఉండాలి. గేటు లేదు కాబట్టి అనుమతి ఉందనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. తిరుగుదారిలో ఐరిష్ పోలీసులు బస్సు ఆపి పాస్‌పోర్టులు చూసిన సందర్భాలున్నాయి, పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే రోజు అది మచ్చే. (విజిటర్లుగా వచ్చే భారతీయులకు ఉమ్మడి వీసా పథకం వేరే ఉంది, అక్కడ నివసించేవాళ్ళకు అది వర్తించదు.) ఉత్తర ఐర్లండ్‌లో గోడ లేవకూడదనే కారణంతో ఈ ఏర్పాటును నేను సమర్థిస్తాను. అయినా తలుపు తాళంచెవుల్లో ఒకటి లండన్‌లోనే ఉందని ఒప్పుకోవాలి.

ఇరవయ్యేడు కుటుంబాలు

ఇప్పుడు రెండో కాయితం. రాజ్యాంగం ఎనిమిదో అధికరణం ప్రకారం ఐరిష్ జాతీయ భాష, మొదటి అధికార భాష. ఐరిష్ పాఠానికీ ఇంగ్లిష్ పాఠానికీ తేడా వస్తే ఐరిష్‌దే చెల్లుబాటు. బడిలో పదమూడేళ్ళకు పైగా తప్పనిసరి. 2007 నుంచి యూరప్ అధికార భాష, 2022 జనవరి నుంచి మినహాయింపుల్లేకుండా పూర్తి హోదా. ఇన్ని హోదాల భాషకు జనగణన ఏం చెప్పిందో చూడండి. 2022లో ఐరిష్ వచ్చన్నవాళ్ళు 18,73,997. బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు 71,968. ఐరిష్ మాట్లాడే ప్రాంతాలుగా ప్రభుత్వమే హద్దులు గీసిన గేల్టాక్ట్‌లో లక్షా ఆరువేల జనాభా ఉంటే, అక్కడ బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు 20,261.

ఇది వలసల వల్ల జరగలేదు. వలసలు లేని రోజుల్లోనే జరిగింది. ఎలా జరిగిందో, ఎలా జరగకుండా ఉండేదో చెప్పే ఉదాహరణ మీథ్ కౌంటీలో ఉంది.

1935లో ల్యాండ్ కమిషన్ (భూములు పంచే ప్రభుత్వ సంస్థ) పడమటి తీరంలోని కానెమరా రాళ్ళ నేలల నుంచి 27 కుటుంబాల్ని తెచ్చి మీథ్‌లోని రాఖార్న్‌లో దింపింది. ఒక్కో కుటుంబానికి ఇల్లు, 22 ఎకరాలు, ఒక ఆడపంది, పందిపిల్లలు, పనిముట్లు. భూమి మాకివ్వక పడమటివాళ్ళకిస్తారా అని స్థానికులు మండిపడ్డారు. (అప్పటి ‘బయటివాళ్ళు’ ఐరిష్ మాట్లాడే ఐరిష్‌వాళ్ళు!) తొంభై ఏళ్ళ తర్వాత కూడా డబ్లిన్‌కి గంట దూరంలో ఉన్న ఆ ఊళ్ళో ఐరిష్ వినబడుతుంది. రెండేళ్ళకే పక్కన గిబ్స్‌టౌన్‌లో అదే ప్రయోగం పెద్దఎత్తున చేశారు. ఈసారి కుటుంబాల్ని కెర్రీ నుంచి, మేయో నుంచి, డోనెగాల్ నుంచి కలిపి తెచ్చారు. ఈ మూడు చోట్ల ఐరిష్ యాసలు ఒకదానికొకటి చాలా దూరం. కొత్త పొరుగువాళ్ళు ఒకరి మాట ఒకరికి అందక ఇంగ్లిష్‌లోకి జారుకున్నారు. అక్కడ భాష రాఖార్న్‌లోలా నిలవలేదు. ఒకే ఊరివాళ్ళు, ఒకే యాస, పక్కపక్క ఇళ్ళు, బతకడానికి భూమి: ఈ నాలుగూ కలిసిన చోట నిలిచింది. ఇంత పనిచేసిన ఊరిని గేల్టాక్ట్‌గా గుర్తించడానికి అదే ప్రభుత్వానికి 1967 దాకా పట్టింది. దానికీ ఊరివాళ్ళు ఉద్యమం చెయ్యాల్సి వచ్చింది.

రెండో ఉదాహరణ ఇంకా ఇబ్బందికరం, ఎందుకంటే అది ఐరిష్ రాజ్యం బయట జరిగింది. 1960ల చివర బెల్‌ఫాస్ట్‌లో, బ్రిటిష్ పాలనలో, కొన్ని కుటుంబాలు డబ్బు పోగుచేసుకుని షాస్ రోడ్డులో స్థలం కొని తమ ఇళ్ళు తామే కట్టుకున్నాయి. పిల్లల్ని ఐరిష్‌లో పెంచాలన్నది షరతు. 1971లో తొమ్మిదిమంది పిల్లలతో బడి పెట్టారు. ప్రభుత్వ గుర్తింపు, నిధులు 1984లో వచ్చాయి, అప్పటిదాకా చందాలతోనే నడిపారు. ఆ బడి చూసి ఉత్తర ఐర్లండ్ అంతటా మరికొన్ని పుట్టాయి. సార్వభౌమత్వం చుక్కైనా లేనివాళ్ళు మొలకెత్తించారు, మొత్తం చేతిలో ఉన్న డబ్లిన్ వాడిపోనిచ్చింది.

దీనికొక ఎదురుమాట ఉంది. బెల్‌ఫాస్ట్‌వాళ్ళకి ఇంధనం కోపం, ఎదురుగా శత్రువు ఉన్నాడు కాబట్టి భాషను పట్టుకున్నారు, సొంత రాజ్యం వచ్చాక ఆ కసి ఎక్కడ ఉంటుంది అని. ఇందులో నిజముంది. కానీ కసి ఇళ్ళు కట్టదు. బెల్‌ఫాస్ట్‌లోనూ రాఖార్న్‌లోనూ ఉమ్మడిగా కనబడేది పక్కపక్క ఇళ్ళు. 2007లో ప్రభుత్వమే చేయించిన భాషా అధ్యయనం తేల్చింది కూడా అదే: ఒక ఊళ్ళో రోజూ వాడేవాళ్ళు 67 శాతం కంటే తగ్గితే, ఐరిష్ వచ్చినవాళ్ళు కూడా ఒకరితో ఒకరు ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. ఆ గీత దాటితే ఏ హోదా వల్లా లాభం లేదు.

గుంటలో నీళ్ళు దిగకపోతే

అందుకే నేను కానెమరాలో ఇంటి అనుమతుల వైపు చూస్తాను. 2000 నాటి ప్లానింగ్ చట్టం గేల్టాక్ట్ ఉన్న కౌంటీలన్నీ తమ అభివృద్ధి ప్రణాళికల్లో భాషను కాపాడే లక్ష్యం రాయాలంది. రాశాయి. ఎలా అమలుచెయ్యాలో చెప్పే జాతీయ మార్గదర్శకాలు మాత్రం వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. ఈలోగా నాన్న పొలంలో ఇల్లు కట్టుకుందామనుకున్న ఐరిష్ మాట్లాడే కుర్రాడికి ఏమవుతుంది?

ఊళ్ళో మురుగు పైపుల్లేవు కాబట్టి సెప్టిక్ ట్యాంకు కావాలి. దానికి నేల నీటిని పీల్చుకుంటుందో లేదో పరీక్ష ఉంటుంది. 300 మిల్లీమీటర్ల చదరం, 400 మిల్లీమీటర్ల లోతు గుంట తవ్వుతారు. ముందు నేలను బాగా నానబెడతారు. తర్వాత నీళ్ళు పోసి సగటున 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూస్తారు. ఆ అంకె మరీ ఎక్కువైతే మురుగునీరు పైకి తేలుతుంది, మరీ తక్కువైతే శుద్ధి కాకుండా భూగర్భజలంలోకి పోతుంది. కానెమరా అంటే గట్టిరాయి, దాని మీద పీట్ (కుళ్ళిన మొక్కల మట్టి) బురద. నీళ్ళు దిగవు. ఆ గండం గట్టెక్కితే రోడ్డు మలుపులో చూపు ఆనదని ఒకటి, ప్రకృతి దృశ్యం చెడుతుందని ఇంకొకటి. ఇవేవీ చెడ్డ నిబంధనలు కావు, పర్యావరణానికి కావలసినవే. కాకపోతే వాటన్నిటి మొత్తం ఫలితం ఏమిటంటే కుర్రాడు గాల్వే నగరానికో సిడ్నీకో పోతాడు. పక్కనున్న పాత ఇల్లు అమ్మకానికొస్తే డబ్లిన్ నుంచి సెలవులకొచ్చే కుటుంబం కొంటుంది, వాళ్ళూ నిఖార్సైన ఐరిష్‌వాళ్ళే. ఆ ఊళ్ళో 67 శాతం అనే గీత అలా ఒక్కొక్క ఇంటితో కిందికి జారుతుంది.

కానెమరా ఉన్న గాల్వే కౌంటీ ఒక మందు కనిపెట్టింది: గేల్టాక్ట్‌లో ఒకటికి మించి ఇళ్ళు కడితే, పదిహేనేళ్ళపాటు వాటిలో కొన్ని ఐరిష్ మాట్లాడేవాళ్ళకే ఇవ్వాలనే షరతు. మంచిదే. అది కొత్త కట్టడాలకే వర్తిస్తుంది, పాత ఇళ్ళ అమ్మకాలకు కాదు. భాష వచ్చో లేదో చూసే రోజున ఐరిష్ మాట్లాడిన మనిషి ఇంట్లో పిల్లలతో ఏం మాట్లాడతాడో ఎవరూ చూడరు, చూడకూడదు కూడా.

పైనుంచి గుర్తింపును రుద్దితే ఏమవుతుందో డింగిల్ ఊరు చూపించింది. 2004 ఉత్తర్వుతో ఊరి ఇంగ్లిష్ పేరుకు అధికారిక హోదా పోయింది, బోర్డుల మీద ‘అన్ డాంగన్’ ఒక్కటే మిగిలింది. పర్యాటకుల మీద బతికే ఊరు. 2006లో ఓటు పెట్టుకుంటే రెండు పేర్లూ కావాలన్నవాళ్ళు 1,005, వద్దన్నవాళ్ళు 70. చట్టం మారేసరికి 2011 అయింది. ఏడేళ్ళ ఆ పోట్లాట వల్ల గేల్టాక్ట్‌లో ఒక్క ఇల్లు కూడా లేవలేదు.

హైడ్‌ని బయటికి పంపిన సంఘం

ఐరిష్‌తనం అంటే భాష ఒక్కటేనా అని అడగొచ్చు. కాదు. 1884లో థర్లెస్‌లో పుట్టిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ దానికి గట్టి సాక్ష్యం. హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్ ఆడేవాళ్ళకి నేటికీ జీతం లేదు, పేరిష్ (ఒక చర్చి కింద ఉండే ఊరు) క్లబ్బే పునాది, ఊరు మారినా మనిషి క్లబ్బు మార్చడం తేలిక కాదు. ఈ సంఘం ఒకప్పుడు గోడలు కట్టి కాపాడుకోవాలనుకుంది. పరాయి ఆటలు చూసినా వెలి. 1938లో డగ్లస్ హైడ్ దేశాధ్యక్షుడి హోదాలో ఐర్లండ్–పోలండ్ సాకర్ మ్యాచ్‌కి వెళ్ళాడని ఆయన్ని పోషకుడి స్థానం నుంచి తీసేశారు. ఐరిష్ భాషోద్యమాన్ని నిలబెట్టిన గేలిక్ లీగ్‌కి మొదటి అధ్యక్షుడు ఆయనే! 1971లో ఆ నిషేధం తీసేశారు. 2007 ఫిబ్రవరి 24న క్రోక్ పార్కులో ఇంగ్లండ్ రగ్బీ జట్టు ఆడింది. 1920లో బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపి 14 మందిని చంపిన మైదానం అది. ఇంగ్లండ్ జాతీయగీతం వినబడుతుంటే 80 వేలమంది నిశ్శబ్దంగా నిలబడ్డారు. తర్వాత ఐర్లండ్ జట్టు 43–13తో చితక్కొట్టింది. నిషేధాలు పోయాక ఆ ఆటలకు ఆదరణ ఏమీ తగ్గలేదు. వెక్స్‌ఫర్డ్ హర్లింగ్ తార లీ చిన్ తండ్రి మలేషియా చైనీయుడు, వెస్ట్‌మీత్‌కి ఆడిన బోయ్‌డు సాయే లైబీరియాలో పుట్టాడు. పేరిష్‌లో ఉంటే ఆ పేరిష్‌వాడే.

వలసల వేగం మీద ఫిర్యాదు అబద్ధమని ఇందువల్ల తేలదు. విదేశాల్లో పుట్టినవాళ్ళ వాటా ఇరవయ్యేళ్ళలో రెట్టింపై 2022లో 20 శాతానికి చేరింది. భారతీయ పౌరులే 45 వేలు దాటారు. 2024లో దేశం మొత్తం మీద పూర్తయిన ఇళ్ళు 30,330, అవసరం అంతకంటే చాలా ఎక్కువ. అద్దె ఇల్లు దొరకని కుర్రాడికి కోపం రావడం సహజం. ఆ కోపం ఇళ్ళు కట్టనివాళ్ళ మీదకు పోకుండా, నర్సు ఉద్యోగానికొచ్చి అదే ఇంటి కోసం అదే వరసలో నిలబడిన మనిషి మీదకు పోవడమే చిక్కు. పౌరసత్వం దగ్గర కూడా రాజ్యం ఇన్నాళ్ళూ భాష గురించి అడగలేదు: అయిదేళ్ళ నివాసం, 175 యూరోల దరఖాస్తు, 950 యూరోల సర్టిఫికెట్, విధేయత ప్రమాణం. ఐరిష్ నాలుగు ముక్కలు నేర్చుకోమంటే మనవాళ్ళు కాదనేవారా? పిల్లలు బడిలో ఎలాగూ నేర్చుకుంటున్నారు.

లక్సెంబర్గ్‌లో వెయ్యని వాదన

నా వాదనకు అన్నిటికన్నా గట్టి అడ్డంకి ఇక్కడుంది, దాచను. ఇళ్ళ విషయంలో బ్రసెల్స్ నిజంగానే అడ్డుపడింది. స్థానికులకే అనుమతి అనే ఐరిష్ కౌంటీల నిబంధనల మీద కమిషన్ 2007లో నోటీసు ఇచ్చింది. 2013లో లక్సెంబర్గ్‌లో ఉన్న యూరప్ న్యాయస్థానం, ఊరితో తగిన సంబంధం ఉంటేనే ఇల్లు కొనాలనే బెల్జియం ఫ్లెమిష్ చట్టాన్ని కొట్టేసింది. స్వేచ్ఛగా కదిలే హక్కుకి అది విరుద్ధమంది. ఆ తీర్పు చూపించి చేతులెత్తెయ్యడం డబ్లిన్‌కి అనువుగా ఉంది.

అదే న్యాయస్థానం 1989లో ఇంకో తీర్పిచ్చింది. డబ్లిన్ కళాశాలలో చిత్రకళ బోధించే డచ్ మహిళకు ఐరిష్ మౌఖిక పరీక్ష తప్పినందుకు పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. పాఠం చెప్పేది ఇంగ్లిష్‌లో, ఐరిష్‌తో పనే లేదు. అయినా గ్రోనర్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో ఐర్లండే గెలిచింది: జాతీయ భాషను పెంచే విధానంలో భాగంగా, మోతాదు మించకుండా ఉంటే అలాంటి షరతు చెల్లుతుందని. ఫ్లెమిష్ కేసులో ప్రభుత్వం చెప్పుకున్న కారణం స్థానిక పేదలకు ఇళ్ళు. భాషను బతికించడం అనే కారణం ఆ వాదనలో లేదు. ఈ రెండు తీర్పుల నడుమ గేల్టాక్ట్‌లో పాత ఇళ్ళ అమ్మకాలకు భాషా షరతు పెట్టే చోటు ఉందని నా నమ్మకం. ఇరుకైన చోటే, లాయర్లు ఒకరితో ఒకరు పోట్లాడుకునే చోటే.

దాని కోసం కోర్టుదాకా పోనక్కర్లేని పనులూ ఉన్నాయి. గేల్టాక్ట్ అభివృద్ధి సంస్థ ‘ఊదరాస్’కి కర్మాగారాల షెడ్లు కట్టే అధికారం ఉన్నట్టే ఇళ్ళు కట్టి ఇచ్చే అధికారమూ డబ్బూ ఇవ్వాలి. పది పన్నెండిళ్ళకి ఒక ఉమ్మడి మురుగు శుద్ధి ప్లాంటు కౌంటీ ఖర్చుతో పెడితే గుంట పరీక్ష గొడవే ఉండదు. 2021 చట్టం ప్రకారం 2030 చివరికల్లా ప్రభుత్వం కొత్తగా తీసుకునే ఉద్యోగుల్లో 20 శాతం మందికి ఐరిష్ రావాలి. వాళ్ళలో ఐరిష్ ఇంటిభాషగా ఉన్నవాళ్ళు ఉండాలంటే ఆ ఇళ్ళు ముందు ఉండాలి. ఆ తర్వాత పాత ఇళ్ళ షరతు. కమిషన్ మళ్ళీ నోటీసు పంపుతుంది, పంపనివ్వండి. 1,300 కోట్లు మాకొద్దు మహాప్రభో అని ఎనిమిదేళ్ళు పెద్ద లాయర్లను పెట్టి లక్సెంబర్గ్‌లో కొట్లాడిన ప్రభుత్వానికి ఆ కోర్టుకి దారి తెలియక కాదు.